చేతికి తెలియని బిగింపు

వంకర తిరిగిన చక్రాన్ని నిన్న కొన్నదానిలా చేసి ఇస్తాడని పేరు పడ్డాక, అతని అసలు పేరును ఊరు మరిచిపోయింది. చిన్నా పెద్దా అందరికీ అతను చక్రం మేస్త్రీ. ఇంట్లో భార్య కూడా కోపం వచ్చినప్పుడు "ఏమయ్యా చక్రం" అనే పిలిచేది. కోపం లేనప్పుడు పేరుతో పనే ఉండేది కాదు. రెండు గదుల ఇంట్లో ఉన్నది ఇద్దరే కదా.

అతని కొట్టు పెద్దవీధి మలుపులో, రంగుల డబ్బాలు అమ్మే కొట్టుకీ మూతపడిన అచ్చాఫీసుకీ మధ్య మిగిలిపోయిన సందులాంటి జాగా. చేతులు బార్లా చాపితే రెండు గోడలూ తగిలేవి. పైన దూలానికి పాత టైర్లు, గోడ మేకులకి చైన్లు, మూలన పంచరు చూసే నీళ్ళ తొట్టి, దాని పక్కన సైజుల వారీగా నట్లు వేసిన చెక్కపెట్టె. నేల గ్రీజు తాగి తాగి నల్లరాయిలా నున్నబడింది. ఆ నేల మీద కాళ్ళు చాపి, ఒళ్ళో చక్రం పెట్టుకుని కూర్చుంటే పసిబిడ్డకి నీళ్ళు పోస్తున్న తల్లిలా ఉన్నావని రంగుల కొట్టాయన వేళాకోళం చేసేవాడు.

ఆ వేళాకోళంలో నిజం లేకపోలేదు. మిగతా మేస్త్రీలు చక్రం వంకర తీయడానికి సుద్దముక్క ఆనించి, గీత ఎక్కడ పడిందో చూసుకునేవాళ్ళు. ఇతను గోటితో ఒక్కొక్క స్పోకునీ మీటి, ఆ మోత వింటూ, వేలికొసలతో రిమ్ము తడుముకుంటూ పోయేవాడు. నట్టు బిగించడంలోనూ అంతే. బిగింపు కంటికి కనబడదు, చేతికి తెలియాలి అనేవాడు. ఎక్కువైతే మర చెడుతుంది, తక్కువైతే నట్టు ఊడుతుంది. ఆ రెంటికీ మధ్య ఉన్నది వెంట్రుకవాసి చోటు. పానా అక్కడికి చేరగానే అతని మణికట్టు దానంతటదే ఆగిపోయేది. ముప్పై ఏళ్ళలో అతను బిగించిన నట్టు ఊడిందని ఎవరి నోటా మాట రాలేదు. ఆ సంగతి అతనికీ బాగా తెలుసు. కొట్టు తెరవడానికి వచ్చేటప్పుడు ఆ నడకే వేరుగా ఉండేది.

అతని దగ్గరికి వచ్చేవాళ్ళలో అందరికంటే పాత మనిషి నర్సమ్మ. ఊళ్ళో ఆసుపత్రి ఉన్నా, కాలవ అవతలి పేటల్లో కాన్పులన్నీ ఆమె చేతి మీదే జరిగేవి. ఆకుపచ్చ సైకిలు, ముందు బుట్టలో మందుల సంచి, హ్యాండిలుకి వేలాడే గొడుగు. ఉత్తినే గాలి కొట్టించుకోవడానికి ఆగినా పది మాటలు మాట్లాడందే కదిలేది కాదు. "నువ్వు సైకిళ్ళకి, నేను మనుషులకి. మనిద్దరికీ సెలవిచ్చే మొనగాడు ఇంకా పుట్టలేదు తమ్ముడూ. పుడితే నా చేతి మీదే గదా పుట్టాలి, అప్పుడే చెవి మెలేసి అడుగుతాను" అనేది. అని తనే ముందు నవ్వేది.

ఆమె తమ్ముడూ అనడం ఊరకే నోటి మాట కాదు. పెళ్ళయిన మూడో ఏట అతని భార్యకి కాన్పు అడ్డం తిరిగింది. బిడ్డ దక్కలేదు. తల్లి కూడా దక్కదని ఆసుపత్రిలో అందరూ చేతులెత్తేస్తే, నర్సమ్మ మూడు రోజులు ఆ మంచం విడిచి కదలకుండా, తిట్టి, బతిమాలి, ఒళ్ళు తుడిచి, చెంచాతో గంజి పోసి ఆ మనిషిని ఇవతలి ఒడ్డుకి లాక్కొచ్చింది. తర్వాత వాళ్ళకి పిల్లలు కలగలేదు. కానీ ఇద్దరూ ఒకరికొకరు మిగిలారంటే అది ఆమె చలవే అని భార్యాభర్తలిద్దరికీ తెలుసు. అప్పటినుంచి ఆకుపచ్చ సైకిలు వస్తే అతను చేతిలో ఎంత పనున్నా పక్కన పడేసేవాడు.

చేతులకి జబ్బు చెప్పి రాలేదు. మొదట వేలికొసల్లో చీమలు పాకినట్టు ఉండేది. పొద్దున లేచేసరికి రెండు చేతులూ ఎవరి దగ్గరో అరువు తెచ్చుకున్నట్టు మొద్దుబారి ఉండేవి. విదిలిస్తే సర్దుకునేవి. కొన్నాళ్ళకి విదిలించినా సర్దుకోలేదు. అతను ఎవరితోనూ అనలేదు. కనిపెట్టింది భార్యే. పొయ్యి మీంచి అప్పుడే దించిన టీ గ్లాసును ఆమె గుడ్డతో పట్టుకొచ్చి ముందు పెడితే, అతను ఉత్త చేత్తో అందుకుని, ఏదో చెబుతూ అలాగే పట్టుకుని కూర్చున్నాడు. ఆమె గ్లాసు లాక్కుని చూసేసరికి అరచెయ్యి ఎర్రగా కమిలి ఉంది. అతను కూడా అప్పుడే చూసుకున్నాడు.

ఆమె పోరు పడలేక పొరుగూరు వెళ్ళి డాక్టరుకి చూపించుకున్నాడు. సొంత ఊళ్ళో చూపించుకుంటే నలుగురికీ తెలుస్తుందని భయం. డాక్టరు వేళ్ళ మీద సూదితో గుచ్చి, తెలుస్తోందా అని అడిగాడు. తెలుస్తోందన్నాడు. కళ్ళు మూసుకోమని మళ్ళీ అడిగితే దొరికిపోయాడు. మణికట్టు దగ్గర నరాలు నలిగిపోయాయనీ, ఈ పని ఆపేసి పెద్దాసుపత్రిలో ఆపరేషను చేయించుకుంటే ఉన్నదన్నా మిగులుతుందనీ, ఆలస్యం చేస్తే పోయింది మళ్ళీ రాదనీ డాక్టరు చెప్పాడు.

బస్సులో తిరిగి వస్తూ భార్య, నర్సమ్మకి చెబుదామంది. ఎక్కడికి పోవాలో, ఎవరిని కలవాలో ఆమెకి తెలుసు, వెంట ఉండి అన్నీ చూసుకుంటుంది అంది. అతను ఒప్పుకోలేదు.

"చెయ్యి పోయిందన్న మేస్త్రీ దగ్గరికి ఎవడొస్తాడే?"

"అక్క ఎవరితో అంటుంది? ఆమె నోరు నీకు తెలీదా?"

"అనదు. జాలిపడుతుంది. అది చాలదా?"

ఆపరేషను సంగతి వర్షాలు తగ్గాక చూద్దామన్నాడు. వర్షాలు తగ్గాక, దసరా సెలవులయ్యి బడులు తెరిచే రోజులు, సైకిళ్ళన్నీ ఇప్పుడే వస్తాయన్నాడు. అలా ఏడాది గడిచింది, ఆ పైన మరో ఆరు నెలలూ గడిచాయి.

ఈలోగా అతను చేతులు లేకుండా పని చేయడం నేర్చుకున్నాడు. ట్యూబులో గాలి ఎక్కడ పోతోందో బుగ్గ ఆనించి చూసుకునేవాడు. బేరింగు గోళీలు అరిగాయో లేదో పెదవికి తాకించి తెలుసుకునేవాడు. స్పోకుల మోత చెవి చెప్పేది. చూసేవాళ్ళు అది కూడా గొప్పతనమే అనుకున్నారు. చక్రం మేస్త్రీ చూశావా, వేలు పెట్టకుండానే రోగం చెబుతాడు అనేవాళ్ళు. ఒక్క బిగింపు దగ్గరే అతనికి ఏ అడ్డదారీ దొరకలేదు. మొదట్లో బిగిసిందో లేదో తెలియక, పానా మీద బలమంతా పెట్టి తిప్పితే నట్లు మర చెడిపోయాయి. ఒక నెలలోనే ఆరో ఏడో పాడు చేశాడు. ఎవరూ చూడకుండా వాటిని చెక్కపెట్టె అడుగున దాచి కొత్తవి వేశాడు. దాంతో భయం పట్టుకుంది. అప్పటినుంచి చెయ్యి కాస్త ముందే ఆపడం అలవాటైంది. ఒక్కొక్క నట్టునీ రెండుసార్లు, మూడుసార్లు సరిచూసుకునేవాడు. తీరిక ఉన్నప్పుడు.

ఆ రోజు తీరిక లేదు. ఉదయం పది దాటింది. సన్నగా జల్లు పడుతోంది. నర్సమ్మ సైకిలు నడిపించుకుంటూ పరుగులాంటి నడకతో వచ్చింది. కాలవ అవతల ఒకామెకి తెల్లవారుజామునుంచి నొప్పులట, కబురు మీద కబురు వస్తోందట, సరిగ్గా ఇప్పుడే ముందు చక్రం గాలి పోయిందట. అతను సైకిలు తిరగేసి నిలబెట్టాడు. ట్యూబుకి అతుకు మీద అతుకు, ఇంకో అతుక్కి చోటు లేదు. చక్రం విప్పి కొత్త ట్యూబు వేశాడు. చక్రాన్ని ఫోర్కులో కూర్చోబెట్టి కుడివైపు నట్టు బిగించాడు, ఎడమవైపు బిగించాడు. మళ్ళీ ఒకసారి చూద్దామని పానా అందుకునేలోపు ఆమె సైకిలు నిలబెట్టేసింది.

"ఒక్క నిమిషం అక్కా."

"లోపలున్నవాడు నిమిషం ఆగుతానంటే నేనూ ఆగేదాన్నే" అంటూ ఎక్కేసింది.

అతను నవ్వాడు. మలుపు తిరిగేదాకా చూసి, తొట్టిలో చేతులు కడుక్కున్నాడు.

గంట కాకముందే రంగుల కొట్టాయన వచ్చి చెప్పాడు. నర్సమ్మ కాలవ వంతెన దిగుతూ పడిపోయిందట. అక్కడున్న గుంటలో చక్రం పడి, మనిషి ముందుకి ఎగిరి రెయిలింగుకి కొట్టుకుందట. తుంటి ఎముక విరిగిందట, కుడి మోచెయ్యి నుజ్జయిందట. ఆ గుంట పూడ్చమని ఎన్నాళ్ళనుంచో మొత్తుకుంటున్నాం, వినే నాథుడేడీ అని ఆయన మునిసిపాలిటీని తిట్టిపోశాడు. అవతల ఆ కాన్పుకి పొరుగింటి ముసలావిడ సాయం పట్టిందట, తల్లీబిడ్డా ఇద్దరూ క్షేమమట.

మేస్త్రీ ఆసుపత్రికి పరుగెత్తాడు. లోపలికి పోనివ్వలేదు. వరండాలో నర్సమ్మ భర్త బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. ఆయన బడిలో లెక్కలు చెప్పి రిటైరైన మాస్టారు, మాటలు తక్కువ మనిషి. ఇద్దరూ మధ్యాహ్నందాకా అక్కడే కూర్చున్నారు.

నాలుగో రోజున మాస్టారు సైకిలును తోపుడుబండి మీద వేయించుకుని కొట్టుకి తెచ్చాడు. ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చి దాన్నిలా చూస్తే ఆమెకి దిగులుగా ఉంటుందనీ, బాగుచేసి పెడితే మళ్ళీ తొక్కొచ్చన్న ఆశ అయినా ఉంటుందనీ చెప్పి వెళ్ళిపోయాడు. ఫోర్కు ఒక పక్కకి వంగిపోయింది. ముందు చక్రం విడిగా ఉంది. మేస్త్రీ చక్రాన్ని ఒళ్ళో పెట్టుకుని ఇరుసు చూశాడు. కుడివైపు నట్టు ఉన్నచోటే ఉంది. ఎడమవైపు లేదు. దెబ్బకి తెగి ఊడితే మర చెదిరిపోవాలి, ఇనుము మీద గీరుడు కనబడాలి. మర చెక్కుచెదరలేదు. కొత్తదానిలా మెరుస్తోంది. ఆ నట్టు తెగలేదు. తిరిగి తిరిగి తనంతట తనే ఊడిపోయింది.

వేళ్ళకి తెలియదని, ఆ మరను పెదవికి ఆనించి చూశాడు. నున్నగా ఉంది.

ఇంటికి వెళ్ళి భార్యకి చెప్పాడు. తన ప్రాణం నిలబెట్టిన మనిషి గురించి వింటోంది కనుక, పద, ఇప్పుడే వెళ్ళి కాళ్ళు పట్టుకుందాం అంటుందనుకున్నాడు. ఆమె అలా అనలేదు. "చెప్పొద్దు" అంది. "చెబితే ఆమె లేచి నిలబడుతుందా? ఆ నాలుగు మెతుకులూ పోతే మనమెక్కడ నిలబడాలి?"

మర్నాడు పొద్దున్నే ఆమె ఆసుపత్రికి, నర్సమ్మ దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మని ఇంటికి తీసుకొచ్చాక ఇక రోజూ వెళ్ళింది. ఒళ్ళు తుడిచి, బట్టలు మార్చి, తల దువ్వి, దుప్పట్లు ఉతికి, మాస్టారికి వంట చేసిపెట్టి వచ్చేది. ఒకప్పుడు తనకి నర్సమ్మ చేసినవన్నీ ఒక్కటీ వదలకుండా చేసింది. ఇంటికొచ్చి మొగుడితో పొడిగా నాలుగు ముక్కలు మాట్లాడేది. సొంత చెల్లెలు కూడా ఇలా చేయదని నర్సమ్మ అందరికీ చెబుతోందని ఒకరోజు తనే చెప్పి, ముఖం అటు తిప్పుకుని అన్నం వడ్డించింది.

మేస్త్రీ మాత్రం ఆ గడప తొక్కలేదు. తేలు కుట్టిన దొంగలా కొట్లో కూర్చునేవాడు. ఆకుపచ్చ సైకిలు గోడకి చేరగిలి ఉండేది. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసి అయ్యో అని, ఆ వంతెన మీది గుంటని తిట్టి పోయేవాళ్ళు. ఒక వారానికి మునిసిపాలిటీవాళ్ళు నిజంగానే వచ్చి ఆ గుంట పూడ్చారు. ఊరంతా, ఇన్నాళ్ళకి కళ్ళు తెరిచారు అని మెచ్చుకుంది. అతను వంతెన దాకా వెళ్ళి, కొత్తగా పోసిన తారు నల్లగా మెరుస్తుంటే చూసి వెనక్కి వచ్చాడు.

అయిదో వారంలో ఇక ఉండబట్టలేక వెళ్ళాడు. మాస్టారు ఇంట్లో లేడు. భార్య పెరట్లో దుప్పట్లు ఉతుకుతోంది, బండ మీద బట్ట బాదుతున్న చప్పుడు వినబడుతోంది. నర్సమ్మ కిటికీ పక్క మంచం మీద వెనక దిండ్లు పెట్టుకుని కూర్చుని ఉంది. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగినది వంగినట్టే ఒళ్ళో పడి ఉంది. ఇక అంతకంటే చాచుకోదని డాక్టర్లు చెప్పేశారు. తుంటి అతికినా కర్ర పట్టుకుని ఇంట్లో తిరగడమే తప్ప సైకిలు మాట మరిచిపోవాలన్నారు. అయినా అతన్ని చూడగానే ఆమె ముఖం విప్పారింది.

"ఇన్నాళ్ళకి తీరిందా తమ్ముడూ? నీ బదులు నీ భార్య ఒళ్ళు హూనం చేసుకుంటోంది."

అతను స్టూలు మీద కూర్చున్నాడు. చెప్పాల్సిన మాట దారిపొడుగునా కూడబలుక్కుంటూ వచ్చాడు. ఆమె మాట్లాడుతూనే ఉంది. మంచం పట్టాక వినేవాళ్ళు దొరకడం లేదు పాపం. మాస్టారు లెక్కల మనిషి గదా, ప్రతిదానికీ కారణం కావాలంటాడు, ఆ రోజు పొద్దున్నే గదా మేస్త్రీ చక్రం విప్పింది అని ఒకసారి నసిగాడట. తను అంతెత్తున లేచిందట. నడుం లేవకపోయినా నోరు లేస్తుందిగా అని నవ్వింది. తర్వాత కొంచెం ముందుకి వంగింది.

"ఒక మాట చెప్పనా, ఆయనకి కూడా చెప్పలేదు. వంతెన ఎక్కేటప్పుడే చక్రం అటూ ఇటూ కొడుతున్నట్టు అనిపించింది. దిగి చూద్దామనుకున్నా. నువ్వు బిగించిందే గదా, నాకే కళ్ళు తిరుగుతున్నాయేమోలే అని తొక్కేశాను."

అతను ఇప్పుడే లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళిపోతే ఎవరికీ ఏమీ తెలియదు. కూర్చున్నవాడు కూర్చున్నట్టే, నేల చూస్తూ చెప్పాడు.

"నీకు కళ్ళు తిరగలేదక్కా. ఎడమవైపు నట్టు ఊడింది. మర చూశాను. అది బిగియలేదు."

"మరిచిపోయావా?"

"బిగించాననుకున్నాను. నా చేతులకి తెలియదు."

రెండు చేతులూ ఆమె ముందుకి చాచాడు. ఆమె ఎడమ చేత్తో అతని కుడి చెయ్యి పట్టుకుని, బొటనవేలి కింద కండ చూసింది. అక్కడ కండ కరిగి గుంట పడింది. తన గోటితో అతని వేలికొసల మీద ఒక్కొక్కదాని మీదే గట్టిగా నొక్కుతూ అతని ముఖంలోకి చూసింది. అయిదు వేళ్ళూ అయ్యాక చెయ్యి వదిలేసింది. అప్పుడు ఆమె మాట్లాడిన గొంతు అక్క గొంతు కాదు, రోగిని ప్రశ్నించే నర్సు గొంతు.

"ఎప్పటినుంచి?"

"ఏడాదిన్నర."

"నీ భార్యకి తెలుసా?"

పెరట్లో బట్ట బాదుతున్న చప్పుడు ఆగింది. తెలియదని ఒక్క అబద్ధం ఆడి ఉంటే సరిపోయేది. అబద్ధాలతో విసిగిపోయి నిజం చెప్పడానికి వచ్చినవాడికి ఆ ఊహ తట్టలేదు.

"తెలుసు" అన్నాడు. "చేతుల సంగతీ తెలుసు, నట్టు సంగతీ తెలుసు."

నర్సమ్మ కిటికీ వైపు తిరిగింది. వీధిలో ఎవరో పోతూ ఆమెని పలకరించారు. ఆమె పలకలేదు.

"ఈ ఏడాదిన్నరలో నీ కొట్టు ముందు ఎన్నిసార్లు ఆగాను తమ్ముడూ" అంది. "ఒక్కసారి నోరు విప్పి ఉంటే మర్నాడే చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళేదాన్ని. నీ చేతులుండేవి. నా చెయ్యీ ఉండేది."

అతను ఏదో అనబోయాడు. ఆమె తల అడ్డంగా ఊపింది.

"వెళ్ళు. ఆమెని కూడా తీసుకెళ్ళు."

గుమ్మంలో భార్య నిలబడి ఉంది, సగం పిండిన దుప్పటి చేతిలో ఉంది, నీళ్ళు కారుతున్నాయి. ఆమె దుప్పటిని తీగ మీద ఆరేసి, చేతులు తుడుచుకుని, మంచం వైపు ఒకసారి చూసింది. నర్సమ్మ ఇటు తిరగలేదు. ఇద్దరూ వీధిలోకి వచ్చారు. ఆమె నాలుగడుగులు వెనకే నడిచింది. ఇల్లు చేరి తలుపు వేశాక అడిగింది.

"చెప్పావుగా. మనసు తేలికైందా?"

"లేదు."

"నేను రోజూ ఆ ఒళ్ళు తుడుస్తుంటే నాకు కాస్త ఊపిరాడేది. ఉన్న ఆ ఒక్క దారీ మూసేశావు."

ఆ మాటతో ఆమె ఆ విషయం ఎత్తడం మానేసింది. మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఊరికి తెలిసిపోతుందని, నలుగురూ ముఖాన ఉమ్మేస్తారని అతను ఎదురుచూశాడు. అలాగైనా జరిగితే బాగుండునని లోపల ఉంది. ఏమీ జరగలేదు. నర్సమ్మ ఎవరితోనూ అనలేదు, మాస్టారితో కూడా. ఆయన ఒకరోజు వచ్చి, ఆమె ఇక సైకిలు వద్దంటోంది, ఎవరికైనా ఇచ్చేయండి అని ఎప్పటిలా మర్యాదగా చెప్పి వెళ్ళాడు. దానికి ముందు చక్రం బిగించి ఎవరికో ఇచ్చే ధైర్యం మేస్త్రీకి లేదు. ముక్కలు ముక్కలుగా విప్పి పాత ఇనుము బండివాడికి వేసేశాడు. అది విప్పడానికి అతనికి రెండు రోజులు పట్టింది.

సైకిళ్ళు మాత్రం వస్తూనే ఉన్నాయి. అతను తన నోటితో తనే చెప్పడం మొదలుపెట్టాడు. నా చేతులు పనిచేయడం లేదు, నట్టు బిగిసిందో లేదో నాకు తెలియదు, బస్టాండు దగ్గర ఇంకో మేస్త్రీ ఉన్నాడు, అక్కడికి పోండి అనేవాడు. ఒక్కడూ నమ్మలేదు. చక్రం మేస్త్రీకి చేతులు లేవంటే చేపకి ఈత రాదన్నట్టే ఉందని రంగుల కొట్టాయన పకపకా నవ్వాడు. కొందరు, వయసు మీద పడి బద్ధకం వచ్చిందన్నారు. కొందరు, పేరొచ్చాక కళ్ళు నెత్తికెక్కాయన్నారు. నువ్వు కళ్ళు మూసుకుని బిగించినా చాలయ్యా అని ఒకాయన సైకిలు పడేసి పోయాడు. తన తప్పు తను చెప్పుకుందామంటే, అతని మంచి పేరే అతనికి అడ్డం నిలబడింది.

ఆఖరికి ఒక రొట్టెల బండి అతను వచ్చాడు. ఇంటింటికీ రొట్టెలు వేసే మనిషి, సైకిలు వెనక పెద్ద రేకు పెట్టె. వెనక చక్రం వంకర తీసి ఇమ్మన్నాడు, ఎంత చెప్పినా వినలేదు. మేస్త్రీ వంకర తీశాడు. నట్లు నాలుగుసార్లు బిగించాడు. అతను ఎక్కి వెళ్ళాక మాత్రం కుదురుగా కూర్చోలేకపోయాడు. పానా పట్టుకుని, కొట్టు వదిలేసి, నడివీధిలో వెంటపడి పరుగెత్తాడు. ఆగు ఆగు అని అరుస్తూ వంతెన మొదట్లో పట్టుకున్నాడు. అతన్ని సైకిలు దించి, నేల మీద మోకాళ్ళేసి నట్టుకి పానా వేశాడు. ఇంకా బిగించాలో చాలో అతనికి తెలియలేదు. బలమంతా పెట్టి తిప్పాడు. టక్కుమని మర చెడిన చప్పుడైంది. రొట్టెల అతను చుట్టూ చేరిన జనాన్ని చూసి, మేస్త్రీ భుజం మీద చెయ్యి వేసి, "లే మేస్త్రీ, ఇంటికి పో" అన్నాడు. ఆ సైకిలు నడిపించుకుంటూ బస్టాండు వైపు వెళ్ళిపోయాడు.

ఆ సాయంత్రం దించిన రేకు తలుపు మళ్ళీ తెరవలేదు.

పెద్దాసుపత్రికి కూడా వెళ్ళాడు, ఇప్పుడు. భార్య వెంట వెళ్ళింది. వాళ్ళు తీగలు తగిలించి పరీక్షలు చేసి, ఈ చేతులకి ఇక చేయగలిగింది లేదు, రెండేళ్ళ కింద వస్తే వేరుగా ఉండేది అన్నారు. డాక్టరు కుర్రవాడు, చెప్పడానికి మొహమాటపడ్డాడు. తిరిగొచ్చాక, ఊళ్ళో ఆసుపత్రి ముందు సైకిలు స్టాండులో టోకెన్లు ఇచ్చే పని ఖాళీగా ఉందని తెలిసి, మేస్త్రీ అదన్నా చేద్దామని కుదిరాడు. రేకు బిళ్ళలు వేళ్ళ మధ్య ఉన్నాయో జారాయో తెలిసేది కాదు. జనం వరసకట్టి నిలబడితే అతను నేల మీద బిళ్ళలు ఏరుకుంటూ ఉండేవాడు. పదకొండో రోజున స్టాండు యజమాని, పెద్దవాడివి, నిన్ను చూస్తే బాధగా ఉంది అని పంపించేశాడు.

ఇప్పుడు భార్య ఒక లాండ్రీలో ఇస్త్రీ పనికి పోతోంది. కాలవ అవతలి పేటలకి మోపెడ్ మీద కొత్త నర్సు వస్తోంది. నర్సమ్మ ఇంటి కిటికీ పగలు కూడా వేసి ఉంటోందని ఎవరో అన్నారు. అతను ఆ వీధి వైపు పోడు. ఉదయం భార్య వంట ముగించి, అతని చొక్కా గుండీలు పైనుంచి కిందికి పెట్టి, అన్నం గిన్నె మీద మూత సరిచేసి వెళ్ళిపోతుంది. గుండీలు పెట్టేటప్పుడు ఆమె అతని ముఖంలోకి చూడదు. అతనూ గోడ వైపే చూస్తుంటాడు.

ఆమె వెళ్ళాక కుళాయి దగ్గరికి బిందె పట్టుకుని పోతాడు. నిండిన బిందె మోసుకొచ్చేటప్పుడు అతని చూపు దారి మీద ఉండదు, తన చేతి మీదే ఉంటుంది. చూస్తున్నంతసేపే ఆ వేళ్ళు పట్టు విడవకుండా ఉంటాయి. దారిలో ఎవరైనా పలకరిస్తే తల ఎత్తడు. మేస్త్రీకి పొగరు ఇంకా తగ్గలేదు అనుకుని వాళ్ళు వెళ్ళిపోతారు.